వయసులు ముందే చెప్పినా నియమాలు చివర్లో: మూడు తరాల ప్రయాణంపై క్రూయిజ్ కంపెనీకి ఫిర్యాదు

కస్టమర్ సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: చంటిబిడ్డ బుకింగ్‌లో తప్పుడు సలహా, కనెక్టింగ్ క్యాబిన్లను విడగొట్టడం, పిల్లలకు సంబంధించిన నియమాలను పూర్తి సొమ్ము కట్టించుకున్నాక తెలపడం గురించి.

అయ్యా,

మీ ఓడలో ఏడు రాత్రుల ప్రయాణానికి మా కుటుంబం మూడు క్యాబిన్లు తీసుకుంది. ఒకదానిలో పెద్దవాళ్లిద్దరు. మధ్యలో తలుపు ఉన్న పక్క క్యాబిన్‌లో కొడుకు, కోడలు, చంటిబిడ్డ. మూడోదానిలో కూతురు, అల్లుడు, ఐదేళ్ల పాప, రెండున్నరేళ్ల బాబు. ఈ వయసులన్నీ మొదటి ఫోన్‌లోనే చెప్పాం. అయినా వయసును బట్టి మారే నియమాల్లో ఒక్కటి కూడా చివరి వాయిదా కట్టేదాకా మీ వైపు నుంచి రాలేదు. నియమాలతో మాకు పేచీ లేదు. వాటిలో చాలావరకు పిల్లల ప్రాణాలకోసం పెట్టినవే. రద్దు చేసుకుంటే డబ్బు కోత పడే రోజులు మొదలయ్యాక వాటిని బయటపెట్టడమే మా ఫిర్యాదు.

అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసింది చంటిబిడ్డ విషయంలో మీ సిబ్బంది ఇచ్చిన సలహా. ‘ఒళ్లో బిడ్డే కదండీ, ముందు ఇద్దరి పేర్లతో బుక్ చేయండి, బిడ్డ పేరు తర్వాత చేర్చుకోవచ్చు’ అన్నారు. తీరా చేర్చమంటే ‘ఆ భాగంలో చోటు లేదు’ అన్నారు. క్యాబిన్‌లో చోటుంది, పిల్లల మడత మంచం కూడా పడుతుంది. చోటు లేనిది లైఫ్‌బోట్‌లో. ఓడలో ప్రతి క్యాబిన్‌నూ ఒక మస్టర్ స్టేషన్‌కు, అంటే ప్రమాదం వస్తే అందరూ చేరాల్సిన చోటుకు, ముడిపెడతారు. అక్కడి బోట్లు మోయగలిగినంతమందినే ఆ వైపు క్యాబిన్లలోకి తీసుకుంటారు. నెలల బిడ్డయినా ఆ లెక్కలో ఒక మనిషే. నలుగురు పట్టే క్యాబిన్ ఖాళీగా ఉన్నా ఇద్దరికి మించి ఇవ్వలేని పరిస్థితి అందుకే వస్తుంది. బడి సెలవుల్లో మూడో, నాలుగో బెర్తులు కూడా నిండిపోతాయి కాబట్టి అప్పుడు మరీ ఎక్కువ. క్రూయిజ్ బుకింగులు చేసేవాళ్లకు ఇది మొదటి రోజు నేర్పే విషయం. బిడ్డ పేరు ఇంకా పెట్టకపోయినా, ఆఖరికి పుట్టకపోయినా, ఆ చోటును మొదటి రోజే పట్టి ఉంచాలని చెప్పాల్సింది పోయి మీవాళ్లు సరిగ్గా దానికి ఎదురు చెప్పారు.

దాని ఫలితం ఇది. బిడ్డకు చోటున్న మస్టర్ స్టేషన్ కోసం కొడుకు కుటుంబాన్ని మూడు డెక్కుల (అంతస్తుల) కిందికి, ఓడ రెండో కొసకు మార్చారు. మారుస్తున్నామని ముందుగా మమ్మల్ని అడగలేదు, కొత్త నంబరుతో మెయిల్ మాత్రం వచ్చింది. తాత, నానమ్మల దగ్గర బిడ్డను పడుకోబెట్టి తల్లిదండ్రులు పక్క గదిలో ఉండటానికే ఆ మధ్య తలుపు కావాలన్నాం. ఇప్పుడు అర్ధరాత్రి పాలకోసం బిడ్డ ఏడిస్తే లిఫ్టు ఎక్కి, పొడవాటి కారిడార్ దాటి రావాలి. మేం ఫోన్ చేస్తే అదే డెక్‌లో ‘పక్కపక్క క్యాబిన్లు’ చూస్తామన్నారు. పక్కపక్కన ఉండటం, మధ్యలో తలుపు ఉండటం ఒకటి కాదు. తలుపు లేకపోతే ప్రతిసారీ కారిడార్‌లోకి రావాలి. నిప్పు వ్యాపించకుండా క్యాబిన్ తలుపులు బరువుగా, వాటంతటవే మూసుకునేలా ఉంటాయి. రెండున్నరేళ్ల పిల్లాడి వేళ్లు అందులో పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కూతురి క్యాబిన్ సంగతి. నలుగురికని ఇచ్చారు. కాగితం మీద నాలుగు బెర్తులు ఉన్న మాట నిజమే. కింద రెండు, గోడలోంచి దిగే పై బెర్తులు రెండు. ఆరేళ్లలోపు పిల్లల్ని పై బెర్తు మీద పడుకోబెట్టవద్దని మీరు తర్వాత పంపిన కాగితంలోనే ఉంది. మరి ఐదేళ్ల పాపను, రెండున్నరేళ్ల బాబును ఎక్కడ పడుకోబెట్టాలి? ఈ వయసు పిల్లలకు కావాల్సింది సోఫా మంచం ఉన్న క్యాబిన్, దాంతోపాటు బాబుకు మడత మంచం. పదహారు, పదిహేడు చదరపు మీటర్ల గదిలో ఆ రెండూ వేశాక నడవడానికి దారి మిగులుతుందో లేదో కూడా చూడాలి. సోఫా తెరిస్తే చాలా క్యాబిన్లలో బాల్కనీ తలుపుకు దారి మూసుకుపోతుంది. క్యాబిన్ ప్లాన్ చూపించి ఈ మాట చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

లైఫ్ జాకెట్ల గురించి ప్రత్యేకంగా రాస్తున్నాం. మీ రికార్డులో బాబు ‘చైల్డ్’, అతని మరదలు వరసయ్యే చంటిబిడ్డ ‘ఇన్ఫాంట్’. ఆ విభజన ఛార్జీలకోసం చేసింది. జాకెట్లకు లెక్క వేరు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 15 కిలోలలోపు బరువుంటే ఇన్ఫాంట్ జాకెట్, 15 నుంచి 43 కిలోల వరకు చైల్డ్ జాకెట్. బాబు బరువు 13 కిలోలు. టికెట్టులో ఉన్న మాటను బట్టి క్యాబిన్‌లో చైల్డ్ జాకెట్ పెడితే అది అతనికి వదులవుతుంది. వదులు జాకెట్ నీళ్లలో పైకి జరిగి గడ్డం దగ్గరికి, మూతి మీదికి వస్తుంది, పిల్లాడు కింది నుంచి జారిపోతాడు. 24 గంటలు దాటే ప్రయాణాల్లో ఓడలో ఉన్న ప్రతి పసిబిడ్డకూ ఇన్ఫాంట్ జాకెట్ ఉండాలని సోలాస్ (సముద్రంలో ప్రాణరక్షణకోసం దేశాలు చేసుకున్న) ఒప్పందం చెబుతోంది. మీ దగ్గర జాకెట్లు లేవని మేం అనడం లేదు. మీ ఫారంలో పిల్లల బరువు అడిగే గడే లేనప్పుడు సరైన జాకెట్ సరైన క్యాబిన్‌కు ఎలా చేరుతుందని అడుగుతున్నాం.

దీనికి ముడిపడిందే ఇంకొకటి. ప్రతి క్యాబిన్‌లో ఒక పెద్దవాళ్ల పేరు ఉండాలన్న నియమం వల్ల కుటుంబాలు పేర్లు ఒక రకంగా రాయించి, ఓడ ఎక్కాక పిల్లల్ని ఇంకో గదిలో పడుకోబెడతాయి. రిసెప్షన్‌లో రెండో తాళం కార్డు తీసుకుంటే తలుపు తెరుచుకుంటుంది గానీ మస్టర్ స్టేషన్ మారదు. పిల్లల చేతికి కట్టే బ్యాండ్ మీద పాత స్టేషనే ఉంటుంది. మా ఐదేళ్ల పాప అమ్మమ్మ దగ్గర పడుకునే రాత్రి అలారం మోగితే ఆమెను ఎవరు, ఎక్కడికి తీసుకెళ్లాలో రాతపూర్వకంగా చెప్పండి.

కిడ్స్ క్లబ్ ‘పిల్లలందరికీ’ అని మీ బ్రోషర్‌లో పెద్దక్షరాల్లో ఉంది. మూడేళ్లు నిండి, డైపర్ మానేసి, టాయిలెట్‌కు తనంతట తాను వెళ్లగలిగితేనే తీసుకుంటారని చివరి వాయిదా తర్వాత తెలిసింది. అంటే బాబుకు అందులో చోటు లేదు. అంతకన్నా చిన్నవాళ్ల నర్సరీకి గంట లెక్కన వేరే రుసుము, కొద్ది సీట్లు, ఓడ ఎక్కిన రోజే బుకింగ్. మధ్యాహ్నం ఎక్కే కుటుంబానికి అవి మిగలవు. ఈత కొలనుదీ ఇదే వరస. స్విమ్ డైపర్ వేసినా డైపర్ పిల్లల్ని మామూలు కొలనులోకి రానివ్వరు. అది సబబే. మలంతో వచ్చే క్రిప్టోస్పోరిడియం లాంటి క్రిములు క్లోరిన్ నీళ్లలో కూడా రోజుల తరబడి బతుకుతాయి, ఒక్క పిల్లాడి వల్ల కొలను మొత్తం మూసేయాల్సి వస్తుంది. పసివాళ్లకోసం విడిగా నీళ్లు శుద్ధయ్యే చోటు కొన్ని ఓడల్లో ఉంటుంది. మీ ఓడలో ఉందో లేదో అడిగితే ఫోన్‌లో ఒకరు ఉందన్నారు, ఇంకొకరు లేదన్నారు.

పెద్దావిడ దూరం నడవలేరు, మడత వీల్‌చెయిర్ వాడతారని మొదటే చెప్పాం. మామూలు క్యాబిన్ తలుపు చాలా ఓడల్లో 56, 58 సెంటీమీటర్లకు మించి ఉండదు, కుర్చీ తెరిచి లోపలికి నెట్టడం కుదరదు. కారిడార్‌లో వదలడానికి అగ్నిమాపక నియమం ఒప్పుకోదు. గదిలోనే మడిచి పెట్టుకుంటాం, ఇబ్బంది లేదు. స్నానాల గదిలో స్టూలు, గడప దగ్గర చిన్న ర్యాంపు మాత్రం కావాలి. దానికి వేరే ఫారం ఉందని, దాన్ని ముందుగా పంపాలని మాకు చెప్పినవాళ్లు లేరు. రెండు పోర్టుల్లో ఓడ రేవుకు ఆనకుండా దూరంగా లంగరు వేస్తుందని, చిన్న టెండర్ బోట్లలో దిగాలని కూడా చెప్పలేదు. అలలు ఎక్కువుంటే వీల్‌చెయిర్‌ను ఆ బోటులోకి అనుమతించరు. ఆ రెండు రోజులూ ఆవిడ ఓడలోనే ఉండాల్సి రావచ్చని ముందే తెలిస్తే వేరే రూటు ఎంచుకునేవాళ్లం.

భోజనాల దగ్గరా మూడు బుకింగులను కలపలేదు. రెండు కుటుంబాలకు ముందు బంతి, పెద్దవాళ్లకు ఎనిమిదిన్నర బంతి పడింది. బుకింగ్ నంబర్లు లింక్ చేస్తే సరిపోయే పని ఇది.

మేం కోరేది ఇది. కొడుకు క్యాబిన్‌నూ పెద్దవాళ్ల క్యాబిన్‌నూ మధ్య తలుపు ఉన్న జతగా, తొమ్మిదిమందినీ ఒకే మస్టర్ స్టేషన్‌కు వచ్చేలా అదనపు ఛార్జీ లేకుండా మార్చండి. అది కుదరకపోతే ఒకే డెక్‌లో ఎదురెదురు క్యాబిన్లు ఇచ్చి, తగ్గిన సౌకర్యానికి తగినంత సొమ్ము వెనక్కి ఇవ్వండి. కూతురికి సోఫా మంచం ఉన్న క్యాబిన్, మడత మంచాలు రెండు, ఇన్ఫాంట్ జాకెట్లు రెండు, స్టూలు, ర్యాంపు కేటాయించినట్టు పేరుపేరునా నిర్ధారణ పంపండి. మూడు బుకింగులనూ లింక్ చేసి ఒకే బంతిలో, ఒకే టేబుల్ ఇవ్వండి.

ఇంకొక్క హామీ కావాలి. బయల్దేరే నాటికి బిడ్డకు తొమ్మిది నెలలు. మీ కనీస వయసు 6 నెలలు కాబట్టి అభ్యంతరం లేదు. కానీ ఓడ వరసగా మూడు రోజులు సముద్రంలోనే ఉండే రూటు అయితే మీ నియమం 12 నెలలకు పెరుగుతుంది. మీరు ఏదైనా పోర్టు రద్దు చేసి రూటు మార్చడం వల్ల అలా జరిగితే, తొమ్మిది టికెట్ల సొమ్మూ కోత లేకుండా వాపసు ఇస్తామని రాసివ్వండి. బిడ్డను రేవులో ఆపేస్తే మిగతా ఎనిమిదిమంది ఓడ ఎక్కరు.

మూడు బుకింగ్ నిర్ధారణలు, క్యాబిన్ మార్చిన మెయిల్, మీ సిబ్బందితో జరిగిన చాట్ ప్రతులు జతపరిచాం. ఈ లేఖ అందిన 10 రోజుల్లోగా ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా జవాబివ్వండి.

ఇట్లు,
మూడు బుకింగుల తరఫున