కెర్నల్ సెట్టింగులు అతికిస్తే సరిపోదు

సంపాదకులకు,

సర్వర్ల భద్రతపై మీ టెక్నాలజీ పేజీలో ఇచ్చిన లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) సెట్టింగుల పట్టికలో విలువలు చాలావరకు సరైనవే. వాటిని ఎలా అమలు చేయాలో మాత్రం ఒక్క ముక్కా లేదు. ఇబ్బందంతా అక్కడే.

‘ఆర్‌పీ_ఫిల్టర్ = 1’ సంగతే చూడండి. ప్యాకెట్ (నెట్‌లో వచ్చే డేటా ముక్క) ఏ లైన్‌లో వచ్చిందో, జవాబుకూ అదే లైన్ దారి అయితేనే కెర్నల్ దాన్ని రానిస్తుంది. దొంగ చిరునామాలను ఆపడానికి మంచిదే. కానీ రోడ్డు తవ్వకాల పుణ్యమా అని బెంగళూరులో చిన్న ఆఫీసులు కూడా రెండు కంపెనీల ఇంటర్నెట్ పెట్టుకుంటున్నాయి. రెండో లైన్‌లో వచ్చిన ప్యాకెట్‌కు తిరుగుదారి మొదటి లైన్ మీదుగా ఉంటే సర్వర్ దాన్ని చప్పుడు చేయకుండా పారేస్తుంది. ఫైర్‌వాల్ ఇన్‌పుట్ రూల్స్ దాకా అది రానే రాదు, కాబట్టి అక్కడ వెతికి లాభం లేదు. నెట్‌వర్క్ లెక్కలు చూపే ‘ఎన్‌స్టాట్ -ఏజెడ్’ కమాండ్ కొట్టి ‘ఐపీరివర్స్‌పాత్‌ఫిల్టర్’ లెక్క పెరుగుతోందేమో చూడాలి. పెరుగుతుంటే ఆ ఇంటర్‌ఫేస్‌కు (ఆ లైన్ తగిలించిన నెట్‌వర్క్ పోర్టుకు) 2 పెట్టాలి, అంటే ఏ లైన్ మీదుగానైనా తిరుగుదారి ఉంటే చాలని. అన్ని ఇంటర్‌ఫేస్‌లకూ ఉమ్మడి అయిన ‘ఆల్’లో 1 ఉండగా ఇక్కడ 0 పెడితే ఫలితం ఉండదు. ‘ఆల్’లోనూ ఇంటర్‌ఫేస్‌లోనూ ఉన్నవాటిలో పెద్ద విలువే చెల్లుతుంది.

‘వేరే దారిలో వెళ్లు’ అని రూటర్ పంపే సూచనలను (రీడైరెక్టులను) ఒప్పుకునే ‘యాక్సెప్ట్_రీడైరెక్ట్స్’కు ఈ లెక్క పనికిరాదు. రూటర్‌గా పనిచేయని మెషీన్‌లో ‘ఆల్’కు 0 రాసినా, ఇంటర్‌ఫేస్‌కు 1 ఉంటే రీడైరెక్టులు తీసుకుంటూనే ఉంటుంది. కొత్త ఇంటర్‌ఫేస్‌ల కోసం ఉన్న ‘డిఫాల్ట్’కు రాసింది ఇప్పటికే ఐపీ చిరునామా పడిన ఇంటర్‌ఫేస్‌కు చేరదు. ఆ ఇంటర్‌ఫేస్ పేరుతో విడిగా రాయాల్సిందే.

ప్రోగ్రాములను ‘కంటైనర్లు’ అనే విడి డబ్బాల్లో నడిపే డాకర్ ఉన్న సర్వర్‌లో, ప్యాకెట్లను ఒక ఇంటర్‌ఫేస్ నుంచి ఇంకోదానికి దాటించడం ఆపే ‘ఐపీ_ఫార్వర్డ్ = 0’ అతికిస్తే కంటైనర్లకు బయటి నెట్ పోతుంది. ముగిసిన కనెక్షన్లను త్వరగా వదిలించేదిగా పాత పట్టికల్లో ఇంకా తిరుగుతున్న ‘టీసీపీ_టీడబ్ల్యూ_రీసైకిల్’ సెట్టింగును 2017లో 4.12 కెర్నల్‌లోనే తీసేశారు.

ఇక ఫైలు. కెర్నల్ సెట్టింగులను మార్చే కమాండ్ ‘సిస్‌సీటీఎల్’. ‘సిస్‌సీటీఎల్ -పి’ అని ఊరికే కొడితే ‘సిస్‌సీటీఎల్.కాన్ఫ్’ ఒక్కటే చదువుతుంది. డెబియన్ 13 అనే లినక్స్‌లో బూట్ సమయంలో సర్వీసులను లేపే సిస్టమ్‌డీ ఆ ఫైలును అసలు ముట్టదు. ఈ రోజు పనిచేసిన సెట్టింగు రీబూట్‌తో మాయమయ్యేది ఇందుకే. ‘ఈటీసీ’ కింద ‘సిస్‌సీటీఎల్.డి’ ఫోల్డర్‌లో సొంత ఫైలు పెట్టి ‘సిస్‌సీటీఎల్ --సిస్టమ్’ కొట్టాలి. ఫైళ్లను పేర్ల వరుసలో చదువుతుంది, చివర చదివిందే నిలుస్తుంది. ఇంకో లినక్స్ అయిన ఉబుంటులో ‘10-’తో మొదలయ్యే భద్రతా ఫైలు ముందే ఉంటుంది, మీది ‘99-’తో మొదలవ్వాలి.

దూరంగా ఉన్న సర్వర్ అయితే ముందు పది నిమిషాల్లో రీబూట్ అయ్యేలా ‘షట్‌డౌన్ -ఆర్ +10’ పెట్టి, ఆ తర్వాతే ‘సిస్‌సీటీఎల్ -డబ్ల్యూ’తో విలువ మార్చండి. కొత్త విండోలో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అయితే ‘షట్‌డౌన్ -సి’తో రీబూట్ ఆపి, అప్పుడు ఫైల్లో రాయండి. లాగిన్ కాకపోతే పది నిమిషాల్లో పాత విలువలతో అదే లేస్తుంది.

– ఒక సిస్టమ్ అడ్మిన్, మారతహళ్లి, బెంగళూరు