నాన్నగారికి, కొత్త పెట్టె గురించి

లెస్టర్, ఇంగ్లండ్,
ఆదివారం మధ్యాహ్నం

పూజ్యులైన నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. ఫోన్లో మీకు సగం వినపడదు, మిగతా సగం అన్నయ్య మధ్యలో దూరి తనే చెప్పేస్తాడు. అందుకే కాయితం మీద పెడుతున్నాను. వీడియోలో మా హాల్లో కనిపించిన రేడియో చెక్కపెట్టె మీకు నచ్చిందట, సంక్రాంతికి వచ్చేటప్పుడు అలాంటిదొకటి తెమ్మన్నారట. తప్పకుండా తెస్తాను. కానీ అది రాగానే మన పాత మర్ఫీ రేడియో పక్కనుండే చిన్న ట్రాన్సిస్టర్‌ని పాతసామాన్లవాడికి వేసేద్దామన్నారట! అక్కడే నాకు పేచీ.

ముందు పెట్టె సంగతి చెప్తాను. కంపెనీ పేరు రూయార్క్. లండన్‌కి తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న సౌతెండ్‌లో 1985లో మొదలైంది. తొలిరోజుల్లో స్పీకర్లు చేసేవారు. మా దగ్గరున్నది వెడల్పు మూరకి కాస్త ఎక్కువ, ఒంటికి వాల్‌నట్ చెక్క పొర. స్పీకర్లు, ఆంప్లిఫయరు, సీడీ, రేడియో, బ్లూటూత్, వైఫై అన్నీ ఆ ఒక్కదాంట్లోనే, గోడకి పోయేది ఒక్క వైరు. నెత్తి మీద గుండ్రటి మీట ఉంటుంది, సౌండు తగ్గించాలన్నా స్టేషను మార్చాలన్నా దాంతోనే. మీ అల్లుడుగారు అందం చూసి మోజుపడ్డారు. నేను మాత్రం సీడీ ఉందని ఒప్పుకున్నాను, ఎందుకంటే ఈమధ్య ఇలాంటి చాలావాటిలో సీడీ తీసేస్తున్నారు. మీ హరికథల సీడీ ఒకటి నా దగ్గరే ఉండిపోయింది కదా, అది వేసి చూశాను. గజ్జెలు వేరే, చిడతలు వేరే వినపడ్డాయి. అడుగున కిందికి తిప్పి బిగించిన పెద్ద స్పీకరు ఒకటుంది, మృదంగం ఎడమవైపు మోతంతా దాన్నుంచే వస్తుంది. వంక పెట్టాలంటే ఒకటుంది. రెండు స్పీకర్లూ ఒకే పెట్టెలో ఇరుక్కుని ఉండటంతో పాట ఓ వైపు, వయొలిన్ ఓ వైపు అన్న ఎడం తెలియదు. దానికి రెండు పెట్టెలు దూరందూరంగా పెట్టుకోవాల్సిందే. మీరు ఎక్కువగా వినేది మాటలు కాబట్టి మీకు ఆ లోటు తెలియదనుకుంటాను. మీ టేప్‌రికార్డరు బతికే ఉంటే దాన్ని తగిలించడానికి ఈ పెట్టె వెనకాల సాకెట్టు కూడా ఉంది, క్యాసెట్లు అందులోంచి వినొచ్చు.

ఇక రేడియో. ఇందులో మూడు రకాలున్నాయి. మొదటిది డాబ్ అని, డిజిటల్ ప్రసారం. ఇక్కడ బీబీసీ 1995లో మొదలుపెట్టింది. మన దేశంలో ఆ ప్రసారాలు లేవు, ఆకాశవాణి డీఆర్‌ఎం అనే వేరే పద్ధతి పట్టుకుంది. కాబట్టి మనింట్లో అది ఉత్త అలంకారమే. రెండోది ఎఫ్‌ఎం, అది పనిచేస్తుంది, కాకపోతే ఎఫ్‌ఎం దూరాలు పోదు. మూడోది ఇంటర్నెట్. అసలు మీక్కావలసిన మీడియం వేవ్ ఇందులో లేనే లేదు నాన్నగారూ! 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం, మీరు కళ్లు మూసుకుని ముల్లు ఆపే ఆ 837 కిలోహెర్ట్జ్, ఇంత ఖరీదు పెట్టెలో దొరకదు.

ఇంటర్నెట్‌లో అయితే విజయవాడ వస్తుంది, నేనూ వింటున్నాను. మీకు తెల్లారగట్ల భక్తిరంజని వచ్చేవేళకి మాకు అర్ధరాత్రి. అందుకని సాయంత్రం కార్యక్రమాలే నాకు దొరుకుతాయి, ఇక్కడ మధ్యాహ్నం వంట చేసుకుంటూ వింటాను. కాకపోతే గాలిలో వచ్చేదానికంటే కొన్ని సెకన్లు వెనకబడి వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి వింటే ట్రాన్సిస్టర్ చెప్పిన వార్తని కొత్త పెట్టె తీరుబడిగా మళ్లీ చెప్తుంది.

ఇంకో తిరకాసు. ఇంటర్నెట్ రేడియోకి స్టేషన్ల చిరునామాలు సొంతంగా తెలియవు, ఎక్కడో ఒక కంపెనీ సర్వర్ని అడిగి తెచ్చుకుంటుంది. రెసీవా అనే సంస్థ 2021లో ఆ సర్వర్లు మూసేసింది. దాని మీదే ఆధారపడ్డ రేడియోలు ఎన్నో, ఒంటికి ఏ దెబ్బా తగలకుండానే, ఇంటర్నెట్ స్టేషన్లు పలకడం మానేశాయి. మన మర్ఫీకి వాల్వు పోతే అమలాపురంలో మార్పించుకొచ్చేవారు. దీనికి ఏం మారుస్తాం? (ఆ మర్ఫీ వినడానికి తీసుకున్న లైసెన్సు పుస్తకం బీరువాలో ఇంకా ఉందా? ఇక్కడ రేడియో లైసెన్సు 1971లో ఎత్తేశారు, టీవీకి మాత్రం ఇప్పటికీ కట్టిస్తున్నారు.)

1996 నవంబరు 6 తుఫాను నేను మర్చిపోలేదు. కొబ్బరిచెట్లు తలలు తెగి పడ్డాయి, స్తంభాలు కూలాయి, మనింటికి కరెంటు ఎప్పుడొచ్చిందో కూడా గుర్తులేదు. వీధిలో వాళ్లంతా మనరుగు మీద చేరి మీ చేతిలో ట్రాన్సిస్టరే కదా విన్నారు? రెండు బ్యాటరీలు పెంకు మీద ఎండబెట్టి మరీ వేశారు మీరు. కొత్త పెట్టెకి కరెంటు కావాలి, రూటర్‌కి కరెంటు కావాలి, వీధిలో తీగ తెగకుండా ఉండాలి. ఇన్వర్టరు ఉందిగా అంటాడు అన్నయ్య. ఇన్వర్టరు ఇంట్లో దీపాలు వెలిగిస్తుంది గానీ రోడ్డు మీద తెగిన ఫైబరు తీగని అతకదు. అందుకని ట్రాన్సిస్టర్ అరుగు మీదే ఉంటుంది, కొత్తది హాల్లో ఉంటుంది. దీనికి మీరు ఒప్పుకుంటేనే తెస్తాను.

అమ్మకి ఒక మాట. మర్ఫీకి కప్పినట్టు దీనికి నరసాపురం లేసు గుడ్డ కప్పకూడదు. మీట పైనే ఉంది, వేడి బయటికి పోవాలి. అంతగా మనసొప్పకపోతే కింద పరుచుకోమనండి.

కరెంటు ఇక్కడా అక్కడా 230 వోల్టులే, 50 హెర్ట్జే, ఇబ్బంది లేదు. ఈ దేశపు ప్లగ్గుకి చదునైన మూడు కాళ్లుంటాయి, మన సాకెట్లో దూరదు. మంచి వైరు ఒకటి అక్కడే కొందాం. అన్నయ్యని హాల్లో బల్ల వెడల్పు, రూటర్ ఎంత దూరంలో ఉందో టేపు పెట్టి కొలిచి పంపమనండి. వాడు కళ్లతో చూసి చెప్పే కొలతలు నేను నమ్మను.

అమ్మకి నమస్కారాలు, పిల్లలకి ఆశీస్సులు.

మీ పెద్దమ్మాయి