ఈసారి వలల సంత మండపంలో కాదు, చెరువు గట్టున

మన అంగడి కస్టమర్లందరికీ నమస్కారం. ఏటా మేం కొందరు అంగళ్ల వాళ్లం కలిసి పెట్టే వలలు, గాలాలు, పడవ సామాన్ల సంత ఈ ఏడు ఉంటుందా లేదా అని చాలామంది అడుగుతున్నారు. ఉంటుంది. కానీ ఆషాఢంలో కాదు, కల్యాణ మండపంలోనూ కాదు. దసరాకూ దీపావళికీ మధ్య, కర్నూలు బయట ఒక చెరువు గట్టున పెడుతున్నాం. ఎందుకు మార్చామో దాపరికం లేకుండా చెప్తాను, మీరు వస్తేనే నడిచే సంత ఇది.

జనం తగ్గిపోయారు. ఒక్కసారిగా కాదు, ఏడాదికింత చొప్పున. పోయినేడైతే మధ్యాహ్నం భోజనాలయ్యాక హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్టాళ్ల వాళ్లం ఒకరి సరుకు ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. ఆదోని, నందికొట్కూరు అంగళ్ల వాళ్లు "ఈసారి మా వల్ల కాదన్నా" అని ముందే చెప్పేశారు. వాళ్లనేమీ అనలేను, సరుకు తెచ్చిన బండి బాడుగ కూడా వాళ్లకు గిట్టలేదు. ఇట్లే ఇంకో ఏడు గడిస్తే సంత అనేదే ఉండదని అందరం కూర్చుని మాట్లాడుకున్నాం.

ఆషాఢంలో ఎందుకు పెట్టేవాళ్లమో పాతవాళ్లకు తెలుసు. పెళ్లిళ్లుండవు కాబట్టి మండపం తక్కువకు దొరికేది, అదొకటి. అసలు సంగతి వేరే. వానలు మొదలై బొచ్చె, రాగండి గుడ్లు పెట్టే రోజులవి, డ్యాముల్లో వేట ఆగిపోతుంది, పుట్టి, అదే మన గుండ్రటి తెప్ప, గట్టెక్కుతుంది, ఇంట్లో ఖాళీగా కూర్చోలేక ఆడా మగా అందరూ వలలు అల్లేవాళ్లు. వాళ్లకు కావాల్సింది నైలాన్ దారం కండెలు, వల తేలడానికి బెండ్లు, మునగడానికి సీసం. మా నాయన కాలంలో సంతలో సగం అమ్మకం దారానిదే. ఇప్పుడు ఎవరు అల్లుతున్నారు? తమిళనాడు మిల్లుల నుంచి రెడీమేడ్ వల వస్తోంది, పైతాడు, కిందితాడు ఎక్కించుకుంటే చాలు. అంటే ఆషాఢంలో కొనాల్సిన పని పోయింది, చేతిలో డబ్బు లేని నెలగా మాత్రం అది అట్లాగే మిగిలింది. వేట లేని నెలలో సంత పెట్టి రండి రండి అంటే ఎవరొస్తారు?

అందుకే దసరా తర్వాత. అప్పటికి శ్రీశైలంలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో, డ్యాం నిండినట్టు లెక్కయిన 885 అడుగులు తాకాయో లేదో తేలిపోయి ఉంటుంది. నీళ్లు వెనక్కి తగ్గడం మొదలైతే బ్యాక్ వాటర్‌లో వేట జోరందుకుంటుంది, సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడే దాకా కొత్త వలకు పని ఉంటుంది. దీపావళి దాటితే మాత్రం కార్తీకం, ఇళ్లల్లో నీచు ముట్టరు, చేపకు రేటు పడిపోతుంది, మళ్లీ చేతిలో డబ్బు ఆడదు. మధ్యలో దొరికే ఆ మూడు వారాలే మనకు సరైన టైము.

ఇంకో విషయం ఉంది, దీని గురించి ఎవరూ బయటికి మాట్లాడరు. బాకీలు. పాత బాకీ ఉన్నవాళ్లు సంతకు రావడం మానేశారు. నలుగురిలో ఎక్కడ అడుగుతామో అని బజార్లో కనపడినా పక్క సందులోకి తిరిగిపోతున్నారు. నాకు అది చాలా బాధగా ఉంది. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ ఊరి మీద పడి అంగడి మునిగినప్పుడు, పుట్టి వేసుకుని వచ్చి పైఅంతస్తులో ఉన్న మా అమ్మను దింపింది మా కస్టమర్లే, అప్పుడు ఖాతా పుస్తకం కూడా నీళ్లలో పోయింది, అయినా గుర్తుపెట్టుకుని వచ్చి బాకీ కట్టినవాళ్లున్నారు. కాబట్టి ఒకటే మాట. సంత గట్టు మీద నేను గానీ, మావాళ్లు గానీ బాకీ ఊసెత్తం. వచ్చి చూడండి, మాట్లాడండి, టీ తాగి పొండి. కొత్త అప్పు మాత్రం ఈసారి ఇవ్వలేను, నాకూ మిల్లుకు ముందే కట్టాల్సి వస్తోంది.

ఇక ఫోన్లో కొనడం. రేటులో నేను దానితో పోటీ పడలేను, ఆ మాట ఒప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. కానీ విసురు వల విషయంలో కాస్త ఆలోచించండి. రిపేరుకని నా దగ్గరకు వచ్చే ఫోన్ వలల్లో చాలావాటికి అంచున సీసం బదులు ఇనుప గుండ్లుంటాయి. కొన్నాళ్లకే తుప్పు పట్టి, ఆ తుప్పు గరుకుకు దారం తెగుతుంది. బరువు చాలకపోతే వల నీళ్లలోకి నిదానంగా దిగుతుంది, అంచు నేలకు ఆనేలోపు రాగండి కింద నుంచి జారిపోతుంది. ఇంకొకటి, ముడి. ఒక కన్నును, అంటే వల గడిని, తడిపి, రెండు బొటనవేళ్లతో రెండు పక్కలకూ గట్టిగా లాగి చూడండి, ముడి కదిలి ఒక పక్క పెద్ద కన్ను, ఒక పక్క చిన్న కన్ను అయిందంటే ఆ వల మీద డబ్బు పెట్టొద్దు. ఇది ఫోటోలో కనపడదు, చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. అందుకే చెరువు గట్టు. ఏ అంగడి వలైనా సరే, కొనేముందు భుజాన వేసుకుని నీళ్లలోకి విసిరి చూడొచ్చు. గుండ్రంగా పడితే తీసుకోండి, లేకపోతే మడిచి పెట్టేయండి.

మా చెల్లెలి కొడుకు అమెరికాలో పెన్సిల్వేనియాలో ఉంటాడు. అక్కడ హారిస్‌బర్గ్ అనే ఊర్లో ఏటా ఫిబ్రవరిలో వేట సామాన్లకు, చేపలు పట్టే సామాన్లకు కలిపి తొమ్మిది రోజులు పెద్ద షో జరుగుతుంది. 2013లో ఒక రకం తుపాకులు పెట్టకూడదని నిర్వాహకులు అన్నందుకు స్టాళ్ల వాళ్లు చాలామంది వెనక్కి తగ్గి, ఆ ఏడు షోనే ఆగిపోయిందట. మరుసటి ఏడు వేరేవాళ్లు చేతిలోకి తీసుకుని, వేరే పేరుతో మళ్లీ నడిపించారు. ఆగిపోయిన సంత మళ్లీ లేవగలదని అది విన్నాక కొంచెం ధైర్యం వచ్చింది. వాడు చెప్పిన ఇంకో సంగతి నాకు బాగా పనికొచ్చింది. ఓర్లాండోలో ఐకాస్ట్ అని గాలం సామాన్ల షో ఒకటుంది, అది వ్యాపారం చేసేవాళ్లకే, మామూలు జనానికి కాదు. మన సంతలో మాత్రం మత్స్యకారుల సొసైటీ తరఫున కిలోల లెక్కన వలలు కొనే పెద్దమనిషినీ, ఆదివారం సుంకేసుల బ్యారేజీ దగ్గర గాలం రాడ్డు పట్టుకుని కూర్చునే కాలేజీ పిల్లోణ్ణీ ఒకే స్టాలు ముందు నిలబెడుతున్నాం. ఇద్దరికీ సరిగ్గా మాట్లాడలేకపోతున్నాం. ఈసారి తెల్లవారుజాము నుంచి పది వరకు సొసైటీల వాళ్లకే. హోల్‌సేల్ రేట్లు, పుట్టి రిపేరు, లైఫ్ జాకెట్లు, పీఎం మత్స్య సంపద యోజన కింద సబ్సిడీ ఎట్లా అప్లై చేయాలో చెప్పడానికి ఒక మనిషి ఉంటాడు. మామూలుగా 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకూ ఆడవాళ్లకూ 60 శాతం. ఎందుకు ఒత్తి చెప్తున్నానంటే, చేపలమ్మే ఆడవాళ్లు చాలామందికి ఆ 60 తమకూ వర్తిస్తుందని తెలియదు.

పది తర్వాత గాలం వాళ్లది. ఈ కుర్రోళ్లు ఇప్పుడు మన ఊర్లో బాగా పెరిగారు, కేసీ కాలువ వెంబడి సాయంత్రం పూట చూడండి ఎంతమందో. వాళ్లకు సామాను కొనడం వచ్చు, వాడటం చెప్పేవాళ్లు లేరు. రీలు దారం చిక్కుపడకుండా ఎట్లా చుట్టాలి, కొక్కేనికి ముడి ఎట్లా వేయాలి, కొర్రమీనుకు రబ్బరు కప్పను నాచు మీద ఎట్లా దుమికించాలి, వేరుశనగ చెక్కలో తవుడు కలిపి బొచ్చెకు ముద్ద ఎంత గట్టిగా పిసకాలి, ఇవన్నీ అక్కడే చేసి చూపిస్తారు. చూపించేవాళ్లు కంపెనీ మనుషులు కాదు, జీవితమంతా చేప పట్టిన మన బెస్త పెద్దలు. వాళ్లకు ఆ రోజు కూలీ మేమిస్తాం. వాళ్లు నేర్పే మొదటి పాఠం ఏంటంటే, నీటి మీద ఎర్రటి చిన్న చేపపిల్లల గుంపు గుమిగూడి కదులుతుంటే కింద తల్లీతండ్రీ కొర్రమీన్లు కాపలా ఉన్నట్టు, అక్కడ గాలం వేయకూడదు. పెద్దచేపను లాగేస్తే ఆ గుంపు మొత్తం మిగతా చేపల నోట్లో పడుతుంది.

అమ్మనివి కూడా చెప్పాలి, ఎందుకంటే వీటివల్లే కొందరు పాత కస్టమర్లు నామీద కోపంగా ఉన్నారు. అలివి వల ఈ సంతలో ఏ స్టాల్లోనూ ఉండదు. దోమతెర లాంటి ఆ వలలో వేలెడంత చేపపిల్ల కూడా తప్పించుకోదు, డ్యాములో సర్కారు వదిలిన పిల్లలు పెరగకముందే ఎండుచేపల లెక్కలో పోతున్నాయి, తర్వాత కిలో చేప కోసం మన వాళ్లే రాత్రంతా నీళ్ల మీద ఉండాల్సి వస్తోంది. అట్లాగే అడవి పందులకు ఉచ్చులు, బైండింగ్ వైరు అడిగే రైతులు. మీ వేరుశనగ చేను ఒక్క రాత్రిలో ఎట్లా దున్నేసినట్టవుతుందో నేను చూశాను, మీ కడుపుమంట నాకు తెలుసు. కానీ 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం, పైగా పందికి పెట్టిన ఉచ్చులో చిరుతపులి పడుతుంది, ఎలుగుబంటి పడుతుంది, మన నల్లమల అంచున అయితే ఇంకేం పడుతుందో చెప్పక్కర్లేదు. సోలార్ కంచె అమ్మేవాళ్లను ఈసారి పిలిచాం. చేను గట్టు చుట్టూ ముళ్ల కుసుమ పంట వేసి కొంత కాపాడుకున్న రైతులు కూడా వస్తామన్నారు, వాళ్లతోనే నేరుగా మాట్లాడండి.

చిరిగిన పాత వలలు తెస్తే తూకం వేసి తీసుకుంటాం, కొత్త వల ధరలో తగ్గిస్తాం. నైలాన్ కుళ్లదు. నీళ్లలో వదిలేసిన వల ఏళ్ల తరబడి చేపను పడుతూనే ఉంటుంది, ఆ చేప ఎవరి నోటికీ అందదు.

ఖర్చుల సంగతి. మండపం బాడుగ మిగిలింది, దాన్ని షామియానాకూ, ఆటోలకూ, గట్టు దగ్గర నిలబడే ఇద్దరు గజ ఈతగాళ్లకూ పెడుతున్నాం. పిల్లలను తీసుకురండి కానీ లైఫ్ జాకెట్ లేకుండా నీటి అంచుకు పంపం, దాని మీద గొడవ పెట్టుకోవద్దు. పొద్దున ఉగ్గాని, బజ్జీ, మధ్యాహ్నం జొన్నరొట్టె, చేపల పులుసు ఉంటాయి, వండేది ఆ చెరువును వేలంలో పాడుకున్న సొసైటీ ఆడవాళ్లు, ఆ డబ్బు వాళ్లదే. తేదీ, చెరువు పేరు సొసైటీ వాళ్లు సంతకం పెట్టిన రోజే చెప్తాను, ముందే చెప్పి మార్చడం నాకిష్టం లేదు.

మీ నుంచి ఒకటి కావాలి. ఏ కన్ను సైజు, ఎంత లోతు, ఎన్ని కిలోలు కావాలో వినాయక చవితిలోపు అంగడికి వచ్చి గానీ ఫోన్ చేసి గానీ చెప్పండి. మిల్లు నుంచి సరుకు రావడానికి టైము పడుతుంది, మీరు అడగని సైజు తెచ్చి గోడౌన్లో పెట్టుకునే పరిస్థితి ఇప్పుడు నాకు లేదు.