పులికాట్‌కు పడవల కంటే ముందు వంతెనలు కావాలి

సంపాదకులకు,

తిరుమల దర్శనం ముగించుకున్న యాత్రికులను మరొక రోజు తిరుపతి జిల్లాలో ఉండేలా చేయాలన్న మాట వచ్చినప్పుడల్లా కొందరు కోనసీమను చూపించి, దిండిలో మాదిరిగా ఇక్కడా హౌస్‌బోట్లు తిప్పమంటారు. గోదావరి కాలువల మంచినీరు, కొబ్బరితోటల నీడ మనకు లేవు. అయితే దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సయిన పులికాట్, దాని వెంట సాగిన బకింగ్‌హాం కాలువ, చలికాలంలో వచ్చి వాలే రాజహంసలు (ఫ్లెమింగోలు), నేలపట్టు చెరువు చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు (పెలికాన్లు) తిరుపతికి దాదాపు రెండు గంటల ప్రయాణంలోనే ఉన్నాయి. 2022 పునర్విభజనలో సూళ్లూరుపేట, తడ మన జిల్లాలోకి వచ్చాయి కనుక అది నెల్లూరు వారి వ్యవహారమని తప్పుకోవడానికీ వీల్లేదు.

ముందుగా ఆలోచించవలసింది పడవల గురించి కాదు, నీటి గురించి. 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్న తర్వాత సూళ్లూరుపేట నుంచి సరస్సు మీదుగా వేసిన రోడ్డు చాలావరకు కట్ట మీదనే సాగుతుంది. ఆ రోడ్డు అవసరాన్ని ఎవరూ కాదనరు; ఇరువైపులా నీరు నిండిన రోజుల్లో దాని మీద వెళ్తుంటే కనిపించేంత అందం, నా మట్టుకు, జిల్లాలో మరెక్కడా లేదు. కానీ ఆ కట్ట సరస్సును రెండుగా చీల్చింది. తమిళనాడు వైపు ముఖద్వారం నుంచి వచ్చే పోటునీరు ఉత్తరానికి చేరాలంటే కట్ట కింద వదిలిన ఇరుకు దారులే దిక్కు. ముఖద్వారాల్లో ఇసుక మేటలు వేయడం దీనికి తోడై, వేసవిలో ఉత్తర భాగం చాలావరకు ఎండి బీటలు తీస్తోంది. చేపా రొయ్యా లేనిచోట జాలరులకు బతుకు లేదు, పక్షికి మేత లేదు. కట్టను అక్కడక్కడ తెంచి, వెడల్పాటి ఖానాలతో వంతెనలు కడితే నీరూ పారుతుంది, వాటి పక్కన ఆగి చూసేందుకు సందర్శకులకు చోటూ దొరుకుతుంది.

బకింగ్‌హాం కాలువదీ ఇదే కథ. 1876–78 కరువులో సహాయ పనుల కింద కొంత మేర తవ్వించి, అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టిన ఈ కాలువలో ఒకప్పుడు సరుకుల పడవలు కృష్ణా డెల్టాకూ మద్రాసుకూ మధ్య తిరిగేవి. 2004 సునామీలో అలల ఉద్ధృతిని కొంతమేర తనలోకి తీసుకుని వెనుకనున్న ఊళ్లను కాచిందీ ఇదే. 2008లో నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చినా, ఆ ప్రకటనకు తగ్గ పూడికతీత మన వైపు కనబడదు.

నీరు నిలిచిన తర్వాత సరస్సు ఒడ్డున ఉన్న భీమునివారిపాళెం రేవు నుంచి స్థానిక మత్స్యకారుల పడవలనే, మోటార్ల హోరు లేకుండా, పక్షులకు దూరంగా తిప్పవచ్చు. ఆ ఆదాయం ముందుగా వారికే దక్కాలి. ఇది అభయారణ్యం కనుక ఎన్ని పడవలు, ఏ నెలల్లో అన్నది అటవీ శాఖే తేల్చాలి. జనవరిలో జరిపే పక్షుల పండుగ వేదికలకు, విద్యుద్దీపాలకు పెట్టే ఖర్చులో కొంతయినా ఈ వంతెనల సర్వేకు మళ్లించి, ఆ నివేదికను ప్రజల ముందు ఉంచిన తర్వాతే జెట్టీలకు టెండర్లు పిలవాలని పర్యాటక, జలవనరుల శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, తిరుపతి