రంగు వేయకుండా చూసే మైక్రోస్కోపులు మన జిల్లాల్లో తయారు కావాలి

సంపాదకుడు గారికి,

జిల్లా ఆసుపత్రికి ఏం కావాలని ఎవరినడిగినా సీటీ స్కాన్, ఎంఆర్‌ఐ అనే చెబుతారు. ల్యాబులోని మైక్రోస్కోపు సంగతి ఎవరూ ఎత్తరు.

మన కణాలు చాలావరకు పారదర్శకంగా ఉంటాయి. మామూలు మైక్రోస్కోపులో సరిగా ఆనవు. అందుకే స్లైడ్ మీద రంగు వేస్తాం. రంగు పాతదైనా, కడగడంలో తేడా వచ్చినా రిపోర్టు మీద నమ్మకం పోతుంది. పైగా రంగు వేసే క్రమంలో సాధారణంగా కణం చచ్చిపోతుంది, దాని కదలిక చూడలేం. కణంలోంచి వచ్చిన కాంతి పక్క కాంతికంటే కాస్త వెనకబడుతుంది. ఆ తేడాను వెలుగునీడలుగా మార్చే ఫేజ్ కాంట్రాస్ట్ పద్ధతికి డచ్ శాస్త్రవేత్త ఫ్రిట్స్ జెర్నికెకు 1953లోనే నోబెల్ వచ్చింది. దాని లెన్సులు ఖరీదు కావడంతో చిన్న ల్యాబులకు అందలేదు.

ఇప్పుడా సాకు చెల్లదు. మామూలు మైక్రోస్కోపు కింద బల్బు తీసి ఎల్‌ఈడీల పలక పెట్టి, ఆ కాంతి తేడాను కంప్యూటర్ లెక్కలతో రాబట్టే పద్ధతిని 2013లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. త్రీడీ ప్రింటర్‌తో చేసుకునే ఓపెన్‌ఫ్లెక్సర్ మైక్రోస్కోపు డిజైన్లు ఉచితం. టాంజానియాలో వాటిని అక్కడే తయారు చేశారు. మన పాలిటెక్నిక్ పిల్లలకు అది కాని పనా?

మూత్రంలో ఎర్రకణాలు కనబడితే అవి కిడ్నీ జల్లెడలోంచి వచ్చాయా, కింది నాళంలోంచి వచ్చాయా అన్నది వాటి ఆకారం చాలాసార్లు చెబుతుంది. ఆ ఆకారం ఫేజ్ కాంట్రాస్ట్‌లో బాగా తెలుస్తుంది. మలంలో బతికున్న అమీబా క్రిమి కదలికా అంతే. అయితే తెమడలో టీబీ క్రిములకు రంగు మానేయమని నేననను, అక్కడ వాటిని పట్టిచ్చేది ఆ రంగే.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు, మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాలు కలిసి ఈ పని మొదలుపెట్టాలి. ఒకే శాంపిల్‌ను పాత పద్ధతిలోనూ కొత్త పద్ధతిలోనూ చూసి, ఫలితాలు సరిపోలాకే పేషెంట్ రిపోర్టు దాకా రానివ్వాలి. ప్రభుత్వం దీనికి కొంచెం నిధులు, దానితో పాటు టెక్నీషియన్ పోస్టులు ఇవ్వాలి. మనిషి లేకుండా మిషన్ ఒక్కటే పంపితే ఏమవుతుందో ల్యాబుల్లో పనిచేసినవాళ్లందరికీ తెలుసు: కవరు కప్పి మూల పెడతారు.

– ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
దేవరకొండ, నల్లగొండ జిల్లా