షికాగోకి కారెందుకు?

ఎడిటర్ గారికి నమస్కారం.

రెండు రోజుల్లో కారేసుకుని షికాగో ఎలా చుట్టి రావాలో ఆ మధ్య మీ ఆదివారం అనుబంధంలో రాశారు. ఆ వ్యాసాన్ని ఫోన్‌లో దాచుకుని, పొల్లు పోకుండా పాటించిన నలుగురు ఆడవాళ్లలో నేనొకదాన్ని. అందుకే ఈ ఉత్తరం.

మేం నలుగురం ఒకే హాస్టల్ గదిలో నాలుగేళ్లు ఉన్నవాళ్లం. ఇప్పుడు ఒకతి డల్లాస్, ఒకతి న్యూజెర్సీ, ఒకతి షార్లెట్. వాట్సాప్‌లో ఆ ఊళ్లే వాళ్ల పేర్లయిపోయాయి. నన్ను 'నార్మల్' అంటారు. నా తీరు చూసి కాదు లెండి, నేనుండే ఊరి పేరే అది. ఇల్లినాయ్‌లో బ్లూమింగ్టన్ పక్కన నార్మల్ అని నిజంగానే ఒక ఊరుంది. పిల్లల్నీ వంటింటినీ మొగుళ్లకు అప్పజెప్పి ఒక శని, ఆదివారాలు షికాగోలో కలుద్దామనుకున్నాం. అందరిలో నాకే దగ్గర కాబట్టి ప్లాన్ వేసే పని నా నెత్తిన పడింది. నేను దాన్ని మీ వ్యాసం నెత్తిన వేశాను.

ఎయిర్‌పోర్టులో కారు అద్దెకు తీసుకోమన్నారు, తీసుకున్నాం. నవ్వకండి, నేను మాత్రం మా ఊరి నుంచి హాయిగా రైలెక్కి యూనియన్ స్టేషన్‌లో దిగాను. దిగి, వాళ్ల కారు కోసం రోడ్డు మీద గంటంబావు నిలబడ్డాను. ఒహేర్ ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి వచ్చే బ్లూ లైన్ రైలు చాలా దూరం వాళ్లు వస్తున్న హైవే నడుమనే పరిగెడుతుంది. శుక్రవారం సాయంత్రం ట్రాఫిక్‌లో ఇరుక్కున్న మావాళ్లని దాటుకుంటూ ఎన్ని రైళ్లు వెళ్లాయో షార్లెట్ లెక్కపెట్టింది. ఏడు.

శనివారం పొద్దున ఆరోరా బాలాజీ గుడి. 1986 నుంచి ఉన్న గుడి, మా పిల్లల అక్షరాభ్యాసాలు అక్కడే చేశాం, దర్శనానికి నేను వంక పెట్టను. కానీ డౌన్‌టౌన్ నుంచి 40 మైళ్లు. పైగా టోల్ రోడ్డు. అక్కడిప్పుడు చిల్లర తీసుకునే మనుషులు లేరు, కెమెరా నంబరు ప్లేటు చూసుకుంటుంది. అద్దె కారు కదా, టోల్‌తో పాటు 'సదుపాయం' పేరుతో రోజుకింత అని వాళ్లు విడిగా వేశారు. అది ఇంటికి చేరాక కార్డు బిల్లులో తెలిసింది.

అక్కణ్ణుంచి ఊరికి ఉత్తరాన ఉన్న డెవాన్ అవెన్యూ. చీరల కొట్లు, మిఠాయి కొట్లు, హలీం వాసన, అన్నీ ఉన్నాయి. కారు పెట్టడానికి జాగా మాత్రం లేదు. డల్లాస్ స్టీరింగ్ పట్టుకుని సందు సందూ తిరుగుతుంటే, జెర్సీ కిటికీలోంచి తల బయటపెట్టి, "అదిగోనే, ఆయన తాళం తీస్తున్నాడు, ఆపు, ఆపు!" అని కేకలు. ఆయన తాళం తీసి, లోపల్నుంచి గొడుగు తీసుకుని, మళ్లీ తాళం వేసుకుని వెళ్లిపోయాడు. అలా నలభై నిమిషాలు. ఈ ఊళ్లో రోడ్డు పక్క పార్కింగ్ మీటర్లని 2008లో ఏకంగా 75 ఏళ్లకు ప్రైవేటు వాళ్లకు లీజుకిచ్చేశారు, దాదాపు 115 కోట్ల డాలర్లకు. మా మనవళ్లు వచ్చినా ఆ మీటర్లకే కట్టాలన్నమాట.

ఇక హోటల్. పేరు రాయను. కారు వాళ్ల చేతికిచ్చి లోపలికి నడవడమే, గొప్పగా అనిపించింది. రెండు రాత్రుల పార్కింగ్ 146 డాలర్లు అని చెక్ఔట్‌లో చూసేదాకా! తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన రేటే ముందు చూపించాలని 2025 మే నుంచి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (కొనేవాళ్ల హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ) రూలుంది. మాకు చూపించిన గది రేటు ఆ లెక్కన సరిగ్గానే ఉంది. కారు తెచ్చుకోవడం తప్పనిసరి కాదు కదా, కోరి తెచ్చుకున్న తద్దినం. పన్నునీ ఆ రేటులో కలపక్కర్లేదు. షికాగోలో గది మీద పన్ను 17 శాతం పైమాటే. బడ్జెట్ రాసేటప్పుడు ఈ రెండు ముక్కలూ మీవాళ్లు చెప్పి ఉండాల్సింది.

విల్లిస్ టవర్‌కి చేరేసరికి చీకటి పడింది. 110 అంతస్తుల ఆ భవనానికి ఇంజినీరు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. తొమ్మిది చదరపు గొట్టాల్ని కట్టగా కట్టినట్టు ఉంటుంది, ఒక్కోటి ఒక్కో ఎత్తులో ఆగిపోతూ చివరికి రెండే కొసదాకా పోతాయి. 103వ అంతస్తులో గోడ బయటకు పొడుచుకొచ్చిన గాజుపెట్టెలో నిలబడ్డాం. కాళ్ల కింద దీపాల వరుసలు. షార్లెట్ కళ్లు మూసుకునే ఫొటో దిగింది. కిందికి దిగాక తనే అంది: "ఒసేయ్, రేపు ఆ కారు ముట్టుకున్నారంటే నేను ఎయిర్‌పోర్టుకి పోతా." దాంతో సరస్సు ఒడ్డున నేవీ పియర్ షికారు మా ప్లాన్‌లోంచి ఎగిరిపోయింది. ఎవరూ బాధపడలేదు.

ఆదివారం పొద్దున్నే కారు తీసుకెళ్లి డౌన్‌టౌన్‌లోనే అప్పజెప్పేశాం. అసలు షికాగో చూసింది ఆ తర్వాతే. 1897 నుంచి ఊరి నడిబొడ్డున ఇనుప స్తంభాల మీద రైలు పట్టాలున్నాయి. వాటి కింద నడుస్తూ మాట్లాడుకుంటుంటే పైన రైలొస్తుంది, మాట మధ్యలో ఆపాలి, అది పోయాక మళ్లీ అందుకోవాలి. నలుగురికీ అలవాటైపోయింది. ఎవరి అత్తగారి కథ ఎక్కడ ఆగిందో రైలు పోగానే అక్కణ్ణుంచే మొదలు. తర్వాత పడవెక్కి గంటన్నర నదిలో తిరిగాం. ఊరి మురుగంతా తాగునీటి సరస్సులో కలుస్తోందని 1900లో కాలువ తవ్వి ఆ నది పారే దిశనే తిప్పేశారట. "ఊరి మురుగుని అవతలివాళ్ల మీదకి తోలేశారన్నమాట," అంది జెర్సీ. ఆ పడవ గైడ్ చెప్పింది ఇంకా చాలా ఉంది, నాకు గుర్తున్నది ఇదే.

మీ వ్యాసంలో ఒక తప్పు కూడా ఉంది. వివేకానందుడు ప్రసంగించిన హాలు ఇప్పటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలోని ఫుల్లర్టన్ హాల్ అని రాశారు. భవనం అదే, 1893 సెప్టెంబర్ 11 కూడా నిజమే. కానీ ఫుల్లర్టన్ హాల్ తెరిచింది 1898లో. ఆయన మాట్లాడింది హాల్ ఆఫ్ కొలంబస్‌లో, ఆ సర్వమత సభల కోసం తాత్కాలికంగా కట్టినదది, ఇప్పుడు లేదు. ఆయన నిలబడిన చోటు చూపించమని మేం అడిగితే అక్కడి గార్డు, పెద్దాయన, చాలా మర్యాదగా ఇదే చెప్పాడు. మీలాంటివాళ్లు రోజూ అడుగుతారన్నాడు. దయచేసి సవరణ వేయండి. మేం ఆ మ్యూజియం మెట్ల మీద, పచ్చబారిన కంచు సింహం పక్కన చాలాసేపు కూర్చున్నాం. లోపల బొమ్మలు చూసినదానికంటే అక్కడ కూర్చున్నదే ఎక్కువ. టికెట్ డబ్బులు దండగ అని డల్లాస్ సణిగింది కానీ, తనూ లేవలేదు.

డెవాన్‌కి కూడా కారక్కర్లేదని తర్వాత తెలిసింది. రెడ్ లైన్ రైల్లో లొయోలా స్టేషన్‌లో దిగితే 155 నంబరు బస్సుంది. గుడికి వెళ్లాలంటే మాత్రం, ఆ ఒక్క పూటకి కారు తీసుకోండి.

సాయంత్రం వాళ్లు ముగ్గురూ బ్లూ లైన్ ఎక్కారు. ముప్పావుగంటలో ఎయిర్‌పోర్టులో ఉన్నామని మెసేజ్ వచ్చింది. నేను యూనియన్ స్టేషన్‌కి నడిచి వెళ్లాను. వచ్చే ఏడాది తన ఊరికి రమ్మని డల్లాస్ ఇప్పుడే గొడవ పెడుతోంది. అక్కడ కారు లేకపోతే పాల ప్యాకెట్ కూడా తెచ్చుకోలేమట.

ఇట్లు,
మీ పాఠకురాలు,
నార్మల్, ఇల్లినాయ్