పాత టోపో షీట్లతో ఒక ఏడాది: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో మన మండలం పాత రూపాన్ని టోపో షీట్లలో, అంటే వాగులు, గుట్టలు, ఊళ్లు, రోడ్లు వివరంగా చూపే సర్వే పటాల్లో వెతకాలని తీర్మానం చేసుకున్నాం. నాలుగు నెలల్లో తేలిపోయే పని అనుకున్నాం. ఏడాది గడిచింది, సగం షీటు కూడా పూర్తిగా చదవలేదు.

ముందుగా షీట్ల సంగతి. దేశం పటాలు గీసే ప్రభుత్వ సంస్థ సర్వే ఆఫ్ ఇండియా. అది దేశాన్ని అక్షాంశ రేఖాంశాల లెక్కన నాలుగు డిగ్రీల చదరాలుగా విడదీసి నంబర్లిచ్చింది. తెలుగు నేల చాలావరకు 56, 57, 65, 66 నంబర్లలో వస్తుంది. ఒక్కో నంబరును ఏ నుంచి పి దాకా పదహారు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను మళ్లీ పదహారు చేశారు. పాత షీట్లలో అంగుళానికి ఒక మైలు, అంటే 1:63,360. ఇప్పటివి 1:50,000. మనకు పనికొచ్చింది పాతదే. పెద్ద చిత్రం కోసం అమెరికా సైన్యం 1950ల్లో వేసిన యు502 అనే వరుస పటాలు కూడా చూశాం. టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం వాటిని ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది. అవి 1:2,50,000 స్కేలువి కాబట్టి కుంటలూ డొంకలూ వెతికేవాళ్లకు పెద్దగా దొరకదు.

ఇక మా పొరపాటు. పటం అంచున సర్వే చేసిన ఏడాది ఒకచోట, అచ్చు వేసిన ఏడాది ఇంకోచోట ఉంటాయి. మేం అచ్చు ఏడాదే చూసి, ‘అప్పటికి ఈ రోడ్డు లేదు’ అని ప్రదర్శనలో చార్టు కట్టాం. ఓ పెద్దాయన దాని ముందు నిలబడి, ‘మరి నేను ఏ రోడ్డు మీద నడిచి బడికెళ్లానయ్యా?’ అన్నారు. చార్టు విప్పేశాం. ఆ రోజు నుంచి ఏ షీటు తెరిచినా రెండు సంవత్సరాలూ రాసుకున్నాకే మాట్లాడుతున్నాం.

నీళ్ల విషయంలోనూ ఇలాంటిదే ఒకటి జరిగింది. ఏడాది పొడుగునా నీళ్లుండే వాగును నీలంతోనూ, ఎండిపోయే వాగును నలుపుతోనూ గీస్తారు. మన వాగు నల్లగా ఉంది. ‘చూశారా, అప్పుడూ ఎండిందే’ అని కొందరు, ‘మా చిన్నప్పుడు ఈత కొట్టాం’ అని కొందరు. సర్వేవాళ్లు సాధారణంగా వానలు వెళ్లాక బయటికొచ్చి, ఎండలు ముదరకముందే పని ముగించేవారు. వానాకాలం ఆఫీసులో కూర్చుని గీతలు సరిచూసుకునేవారు. కాబట్టి పటం వాగు మామూలు రూపాన్ని చూపిస్తుందే తప్ప శ్రావణంలో ఎలా పొంగిందో చెప్పదు. ఈత కొట్టినవాళ్లదీ అబద్ధం కాదు.

చెరువు కట్టల పక్కన చిన్న అంకె, దాని వెంట ‘ఆర్’ అక్షరం ఉంటుంది. మొదట అది సముద్ర మట్టం నుంచి ఎత్తు అనుకున్నాం. కాదు, చుట్టుపక్కల నేల కంటే కట్ట ఎంత ఎత్తుందో ఆ అంకె చెబుతుంది. ఆ అంకెలు పట్టుకుని మూడు చెరువుల కట్టల మీద నడిచాం. ఒకటి పటంలో కంటే బాగా కుంగింది. అది కోసుకుపోయిందా, మట్టి తీసుకుపోయారా అన్నది తేలలేదు. పటంలో చెరువులు ఒకదాని కింద ఒకటి వరుసగా కనిపిస్తే గొలుసుకట్టు ఏమిటో ఒక్క చూపులో అర్థమవుతుంది. పైచెరువు అలుగు నీళ్లు కిందచెరువుకు వెళ్లే కాలువ మీద ఇప్పుడు ఏమేం కట్టి ఉన్నాయో సభ్యులకు చెప్పనక్కర్లేదు.

ఈ ఏడాది అందరికీ బాగా గుర్తుండిపోయింది ఊరు లేని ఊరు. పటంలో పాడుబడ్డ ఊరి గుర్తు, పక్కన పేరు. రెవెన్యూ రికార్డుల్లో జనం లేని ఇలాంటి గ్రామాన్ని బేచిరాగ్ అంటారు. ఉర్దూ మాట, దీపం లేనిదని అర్థం. అక్కడికి వెళ్తే పెసర చేను, దాని మధ్య కొంచెం ఎత్తుగా బూడిద రంగు మట్టి, కుండ పెంకులు. రైతు దాన్ని పాటిదిబ్బ అన్నారు. వాళ్ల తాతల కాలంలో అక్కడి పాటిమన్ను బండ్లకెత్తి పొలాలకు తోలేవాళ్లట. అంటే ఊరు చాలావరకు చుట్టుపక్కల చేలల్లో కలిసిపోయింది. మనవాళ్లు పెంకులు ఏరబోతే ఆపాల్సి వచ్చింది. మళ్లీ చెబుతున్నాం: ఫొటో తీయండి, చోటు రాసుకోండి, ఏదీ జేబులో వేసుకోకండి.

ఊళ్ల పుట్టుక కోసం కైఫీయతులు, అంటే ఊరూరా రాయించిన స్థానిక చరిత్రలు కూడా తిరగేశాం. వాటిని సేకరింపజేసిన కాలిన్ మెకంజీ 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యారు. పటాలు గీయించినాయనే ఊరి కథలూ రాయించారన్నమాట. ఆ పనిలో ఆయనకు అండగా నిలిచింది కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. పటం చెరువు ఎక్కడుందో చూపిస్తుంది, తవ్వించిందెవరో కైఫీయతు చెబుతుంది. అదీ కొన్ని ఊళ్ల విషయంలోనే.

పాత షీటును ఉపగ్రహ చిత్రం మీద పరిచే పని మన కుర్రాళ్లు క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో చేశారు. మొదట వాగు మలుపులను గుర్తులుగా పెట్టుకుంటే పటమంతా పక్కకు జరిగింది, ఎందుకంటే ఈలోగా వాగే జరిగింది. గుడి, రైలు వంతెన, గుట్ట మీది సర్వే రాయి పెట్టుకున్నాక కుదిరింది. భూమి ఆకారాన్ని పాత పటాలు ఎవరెస్ట్ గోళం అనే లెక్కతో, ఇప్పటి జీపీఎస్ వేరే లెక్కతో కొలుస్తాయి. ఫోన్లో వచ్చిన అంకెలను నేరుగా పాత షీటు మీద పెడితే గుడి పక్క పొలంలోకి వెళ్లిపోతుంది. కంగారు పడకండి.

జరగని పని ఒకటుంది. గ్రామ పటాల నకళ్ల కోసం ఒక కార్యాలయం చుట్టూ వర్షాకాలం నుంచి తిరుగుతున్నాం. ప్రతిసారీ వేరే గదికి పంపారు. దరఖాస్తు ఇంకా అక్కడే ఉంది.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. వచ్చే ఏడాదికి డొంకల పేర్లు రాసుకోవాలని కార్యవర్గం నిర్ణయించింది. షీటు మీద డొంక గీత ఉంటుంది కానీ దాని పేరు ఉండదు. ఆ పేర్లు తెలిసిన పెద్దలు మీ ఇళ్లలో ఉంటే కబురు చేయండి, మేమే పటం పట్టుకుని వస్తాం.

కార్యదర్శి